ఎవరన్నారో చెప్పలేదు

పని చేసుకుని బతికే మనుషులు పని చేసే చోట ఎలా ఉంటున్నారో, ఎందుకు అలా ఉంటున్నారో తెలుసుకోవడం నా వృత్తి. ఇది మా అమ్మకు ఆఖరి దాకా అర్థం కాలేదు. అలియాబాద్‌లో మా వాడకట్టు వాళ్ళు అడిగితే, "మావోడు కార్ఖానలల్లకు పోయి అందరిని మంచిగున్నరా అని అడిగొస్తడు, గందుకే జీతమిస్తరు" అని చెప్పేది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఈ మధ్య మనస్తత్వ శాస్త్రం చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు నా అనుభవాలు రాయమన్నారు. నేను ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారానో రాస్తే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. అందుకని ఒక్క కార్ఖానా సంగతి రాస్తాను. అక్కడ మా అధ్యయనం సగంలో ఆగిపోయింది. నివేదిక అచ్చు కాలేదు. కాని ఈ పని ఎంత బరువైనదో నాకు తెలిసింది అక్కడే.

డాక్టరమ్మ

అవి డెబ్భైల తొలి రోజులు. ఎం.ఏ. పూర్తిచేసి ఖాళీగా తిరుగుతున్న నన్ను డాక్టర్ సుభద్రగారు తన పరిశోధన విభాగంలోకి తీసుకున్నారు. విభాగమంటే పెద్దదేమీ కాదు. నయాపూల్ దగ్గర ఒక బట్టల దుకాణం పైన రెండు గదులు. కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే ఉక్క. కింద బేరాల లొల్లి. దానికి తోడు కోర్టుకు వచ్చి వాయిదా పడి తిరిగిపోయేవాళ్ళ కేకలు.

సుభద్రగారిది కోస్తా మాట. నేత చీర కట్టుకుని, మగవాళ్ళ గడియారం పెట్టుకునేవారు. ఎవరినైనా సరే "గారు" అనే పిలిచేవారు. చాయ్ తెచ్చేవాణ్ణి కూడా అలాగే పిలిస్తే అతను వెనక్కి తిరిగి, తనను కాదేమోనని చూసుకునేవాడు. ఆమెకు కోపం ఎక్కువ, ఓపిక అంతకన్నా ఎక్కువ. నా మొదటి నివేదికను చదివి, "ఇందులో మనుషులు లేరు, శాతాలే ఉన్నాయి" అని తిరిగి నా చేతిలో పెట్టారు. అంత కటువుగా మాట్లాడే పైఅధికారి దొరకడం అదృష్టమని అప్పుడు నాకు తెలియలేదు.

కంచన్‌బాగ్ వైపు వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు ఎనామిల్ సామాన్ల కార్ఖానా ఉండేది. గిన్నెలు, పళ్ళేలు, ఆసుపత్రి ట్రేలు చేసేవారు. ఇనుప రేకు గిన్నెను తెల్లటి పూతలో ముంచి, చేతిలోనే గిరగిరా తిప్పి, పూత సమంగా అంటుకున్నాక భట్టీలో కాలుస్తారు. ముంచే పని చేతివాటం ఉన్నవాళ్ళకే ఇచ్చేవారు. ఆ పని చేసేవాళ్ళకు కార్ఖానాలో కొంచెం మర్యాద కూడా ఎక్కువే.

యజమానిని అందరూ సేఠ్ అనేవారు. పాతబస్తీలో తరతరాలుగా టోకు వ్యాపారం చేసిన కుటుంబం. సోమవారం వచ్చిందంటే భట్టీ షెడ్డులో సగంమంది రావడం లేదని, కారణం కనుక్కోమని ఆయనే మమ్మల్ని పిలిచాడు. పిలిచినవాడికి నిజంగానే తెలుసుకోవాలని ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. తెలిశాక ఏం చేస్తాడన్నదే వేరే సంగతి.

మేం వెళ్ళిన మొదటి రోజు డాక్టర్ వచ్చిందని కార్ఖానా అంతా పాకింది. మధ్యాహ్నం భోజనాల వేళకు క్యాంటీన్ వెనక మాకిచ్చిన గది ముందు వరుస కట్టారు. ఒకరు మోచేతి మీద కాలిన మచ్చ చూపించారు, ఒకరు దగ్గు మొదలుపెట్టారు. సుభద్రగారు ఒక్కొక్కరి చేయీ పట్టుకుని చూశారు.

"నేను మందులిచ్చే డాక్టర్ని కాదండీ. మీరు చెప్పేది వినడానికి వచ్చాను" అన్నారు.

"వింటే తక్కువైతదా అమ్మా?" అని వరుసలో ఉన్న ఒక ముసలాయన అడిగాడు.

"తెలియదండీ. విని చూద్దాం."

ఆ రోజు నుంచి ఆమె అక్కడ డాక్టరమ్మ అయింది.

సంతృప్తి అంటే ఏంది

మా దగ్గర ఇంగ్లీషులోంచి తెలుగు చేసుకున్న ప్రశ్నలు ఉండేవి. చేసింది నేనే, గ్రాంథికం ఒలకబోసి. మొదటి ప్రశ్న: "మీరు చేయుచున్న పని మీకు సంతృప్తినిచ్చుచున్నదా?"

ఈ ప్రశ్న నేను మొదట అడిగింది యాదగిరిని. ముంచే పనిలో అతనిది మంచి చెయ్యి. వయసు ముప్ఫై దాటి ఉంటుంది. నోట్లో మాట ఆగేది కాదు. భట్టీ దగ్గర వేడికి మనుషులు వాడిపోతుంటే ఇతనేదో ఒకటి అనేవాడు, షెడ్డంతా నవ్వేది. నా ప్రశ్న విని ముఖం చాలా గంభీరంగా పెట్టాడు.

"సంతృప్తి అంటే ఏంది సార్, పెండ్లి భోజనమా?"

బయట నిలబడ్డవాళ్ళు పగలబడి నవ్వారు. నేను తెల్లబోయాను. ఆ సాయంత్రం నయాపూల్ గదిలో సుభద్రగారు ఆ ప్రశ్నల కాగితాన్ని పక్కన పెట్టేశారు. "సోమవారం ఎందుకు రారు అని కదా మన సందేహం. అయితే ఆదివారం గురించి అడుగుదాం. ఆదివారం పొద్దుగూకేటప్పుడు మీ మనసు ఎలా ఉంటుంది అని అడగండి చాలు. అడిగి, నోరు మూసుకుని కూర్చోండి."

నా వృత్తి జీవితంలో అంత మంచి ప్రశ్న ఇంకొకటి చూడలేదు. ఆ ప్రశ్నకు మనుషులు మెల్లగా మనసు విప్పారు. పొద్దుగూకుతుంటే పిల్లల మధ్య కూడా కూర్చోబుద్ధి కాదని ఒకరు, పెళ్ళాం మీద ఊరికే కోపం వస్తుందని ఒకరు అన్నారు. ఏమవుతుందని మరికాస్త అడిగితే, అందరి మాటా తిరిగి తిరిగి షెడ్డు అజమాయిషీ చూసే మేస్త్రి నర్సింగరావు దగ్గరికే వచ్చేది. జ్వరం వచ్చినవాణ్ణి కూడా ఇంటికి మనిషిని పంపి రప్పించేవాడు. ఎవరికైనా చెయ్యి కాలితే తప్పంతా కాలినవాడిదేనని పదిమందిలో ఒప్పించేవాడు.

యాదగిరి మాత్రం ఏమీ చెప్పలేదు. "ఆదివారం పొద్దుగూకితే నా మనసు సినిమాల ఉంటది సార్. మా మేస్త్రి దేవుడు. రాసుకో" అన్నాడు. ఎంత అడిగినా అంతే. జోకులేసేవాళ్ళంతా గుండె విప్పి మాట్లాడతారని అనుకోకండి. చాలామందికి ఆ జోకే ఒక గొళ్ళెం.

విప్పి మాట్లాడినవాడు ఏసుదాసు. అతను భట్టీలో సామాను పెట్టి తీసే పని చేసేవాడు. ఎవరితోనూ కలిసేవాడు కాదు. అతనికి గొంతుందా అని కూడా కొందరికి అనుమానం. అతని తమ్ముడు ప్రభుదాసు చెయ్యి అదే భట్టీ దగ్గర కాలి, వేళ్ళు ముడుచుకుపోయాయి. తరువాత మేస్త్రి సిఫారసుతోనే అతనికి గేటు దగ్గర కాపలా పని దొరికింది.

ఏసుదాసు వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ఆదివారం ప్రశ్న నేనే అడిగాను. సుభద్రగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటికి చెబుతున్నట్టు అన్నాడు:

"భట్టీ మంట గేటు దాంకనే వస్తదమ్మా. మేస్త్రి మాట ఇంటిదాంక వస్తది. ఆదివారం ప్రార్థనల గూసున్నా గదే ఇనవడ్తది."

ఆ గదిలోకి వచ్చిన ప్రతి మనిషికీ సుభద్రగారు ముందే ఒక మాట ఇచ్చేవారు. "ఇక్కడ మీరు అన్నది మీ పేరుతో బయటికి పోదు." మేం పేర్లు రాసుకోలేదు కూడా. ఎవరు ఏమన్నారో ఆమెకూ నాకూ గుర్తు, అంతే.

సేఠ్ గదిలో

సగం పని అయ్యాక సేఠ్ మమ్మల్ని పిలిచాడు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. మేస్త్రి తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

సుభద్రగారు చెప్పడం మొదలుపెట్టారు. మనుషులు బద్ధకంతో మానడం లేదని, భయంతో మానుతున్నారని, కాలిన గాయాలకు పనివాళ్ళను తిట్టడం ఆపితే సోమవారాలు వాటంతట అవే బాగుపడతాయని చెప్పారు. సేఠ్ మర్యాదగా తల ఊపుతున్నాడు. మాట లోపలికి వెళ్ళడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. వెళ్ళాలని ఆమెకు ఆరాటం. ఆ ఆరాటంలో అన్నారు: "మీ షెడ్డులో ఒకరు ఏమన్నారో తెలుసా? భట్టీ మంట గేటు దాకానే వస్తుంది, మేస్త్రి మాట ఇంటిదాకా వస్తుంది అన్నారు."

సేఠ్ గట్టిగా నవ్వాడు.

"యే తో యాదగిరి కా డైలాగ్ హై, డాక్టర్ సాబ్! గిసుంటి మాటలు ఇంకెవనికొస్తయి?"

మేస్త్రి నవ్వలేదు. సుభద్రగారి ముఖంలో రక్తం లేదు. "ఎవరన్నారో మేం చెప్పం" అన్నారు. ఆ మాటతో సేఠ్‌కు ఇంకా నమ్మకం కుదిరింది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పేరు దాస్తే మనిషిని దాచామనుకుంటాం. మాటకు కూడా ముఖం ఉంటుంది. ఎంత అందమైన మాట అయితే అంత స్పష్టంగా ఉంటుంది ఆ ముఖం. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ ముఖం తప్పు మనిషికి కూడా అతుక్కుపోగలదు. సుభద్రగారంత జాగ్రత్త గల మనిషి నేను మళ్ళీ చూడలేదు. ఆమెకే ఇది జరిగింది.

ఆ వారమే యాదగిరిని ముంచే పని నుంచి తీసేసి, వెనక దొడ్లో తుక్కు రేకులు ఏరే పనికి వేశారు. జీతం తగ్గించలేదు. "హవా మార్పు" అన్నాడట మేస్త్రి. కాని రేకులు ఏరడం కొత్తగా వచ్చినవాళ్ళకు ఇచ్చే పని అని అక్కడ అందరికీ తెలుసు.

నయాపూల్ మెట్లు

యాదగిరి మా గదికి వచ్చిన రోజు వాన. మెట్ల మీద చెప్పులు విడిచి, తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నేను గా మాట అనలే. నీకెరికే. గీ సారుకెరికే."

"తెలుసండీ యాదగిరిగారూ."

"మరి గదే సేఠ్‌కు జెప్పు. ఎవలన్నరో జెప్పకు. యాదగిరి అనలేదు అని ఒక్క మాట. గంతే."

కింద ఎవరో గజం బట్టకు బేరమాడుతున్నారు. ఆ బేరం అంతా వినిపించింది.

"చూడండి" అన్నారు చివరికి. "ఈ రోజు మీరు కాదని చెబుతాను. రేపు సేఠ్ ఇంకొకరిని అనుమానిస్తాడు. అతను కూడా మీలాగే వచ్చి అడుగుతాడు. అతను కూడా కాదని సేఠ్‌కు చెప్పాలి కదా. అలా అందరూ కాదంటూ పోతే, ఎవరి గురించి నేను నోరు విప్పనో ఆ మనిషి దొరికిపోతాడు. మీకిచ్చిన మాటే అతనికీ ఇచ్చాను."

"నేను అననిదానికి నాకెందుకమ్మా శిక్ష?"

"మీకు జరిగింది అన్యాయమే. సేఠ్‌తో పోట్లాడతాను. కాని ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేను."

యాదగిరి నా వైపు తిరిగాడు. "నువ్వన్న జెప్పు సార్. నీ తోని మంచిగ మాట్లాడిన గదా. నవ్విచ్చిన గదా."

నేను తల దించుకున్నాను. అతను "సరే తియ్" అని మెట్లు దిగాడు. వాన ఇంకా తగ్గలేదు. గొడుగు ఇద్దామని నేను లేచేసరికి వంతెన మీది జనంలో కలిసిపోయాడు.

సుభద్రగారు చెప్పినట్టే సేఠ్ దగ్గరికి వెళ్ళారు. "మా దగ్గర ఏదో అన్నాడన్న అనుమానంతో ఎవరిని శిక్షించినా, ఇక ఇక్కడ ఎవరూ మాతో నిజం చెప్పరు. ఆ మనిషిని తన పనిలో పెట్టండి. లేకపోతే అధ్యయనం ఇక్కడితో ఆపేస్తాను" అన్నారు. సేఠ్ చేతులు జోడించి, "ఆప్ కీ మర్జీ, మీ ఇష్టం" అన్నాడు.

తల ఊపితే చాలు

మేం సామాను సర్దుకోవడానికి వెళ్ళినప్పుడు సేఠ్ నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

"నువ్వు మన పాతబస్తీ పిలగానివి. మీ డాక్టరమ్మకు ఇక్కడి సంగతి తెల్వదు. నాకు గూడ యాదగిరి మీద దుష్మనీ లేదు. నువ్వు పేరు జెప్పకు. యాదగిరి కాదంటే తల అడ్డంగ ఊపు. బస్. రేపు పొద్దున్నే ఆయన పనిల ఆయన ఉంటడు."

తరువాత కార్ఖానాకు మనుషుల బాగోగులు చూసే అధికారి కావాలని, అందుకు నన్ను మించినవాడు దొరకడని కూడా అన్నాడు. ఆ ఉద్యోగం మాట నన్ను అంత లాగలేదు. మొదటి మాటే లాగింది. తల ఒకసారి ఊపితే ఒక నిర్దోషి తన పనిలోకి పోతాడు. అందులో అబద్ధం లేదు, ఆశ లేదు.

తలుపు సందులోంచి గేటు కనిపిస్తోంది. ప్రభుదాసు ముడుచుకుపోయిన చేత్తోనే గొలుసు పట్టుకుని లారీకి దారి ఇస్తున్నాడు. నేను తల ఊపితే సేఠ్ తరువాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మేస్త్రి పేరెత్తడానికి ఎవరికి కారణం ఉందో కనుక్కోవడానికి సేఠ్‌కు పెద్ద తెలివి అక్కరలేదు.

"సేఠ్, నాకు గుర్తు లేదు" అన్నాను.

"గుర్తు లేదా, చెప్తలేవా?"

"చెప్పడం లేదు."

ఆయన కోపగించుకోలేదు. ఇంకో చాయ్ తాగి వెళ్ళమన్నాడు. ఆ చాయ్ నేను తాగలేకపోయాను.

ఏసుదాసు ఇంటి ముందు

ఆ ఆదివారం ఏసుదాసు ఇంటికి వెళ్ళాను. సుభద్రగారికి చెప్పకుండానే వెళ్ళాను. కంచన్‌బాగ్ దాటాక రాళ్ళ మధ్య కట్టుకున్న చిన్న ఇళ్ళు. ప్రార్థన నుంచి అప్పుడే వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని గడపలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఎందుకొచ్చానో తెలిసింది అతనికి.

"నాకు ఎరుకలేదా సార్? రోజు జూస్తున్న. దొడ్ల యాదగిరన్న రేకులు మోస్తుంటే నాకు భట్టీకాడ్నుంచి కనవడ్తడు."

"నేను ఏదో చెయ్యమని రాలేదు ఏసుదాసూ."

"మరెందుకొచ్చినవ్?"

లోపల ప్రభుదాసు భార్య అన్నం కలిపి అతని నోటికి అందిస్తోంది. ఆదివారమైతే తానే తినడానికి ప్రయత్నిస్తాడట, ఆ రోజు చెయ్యి నొప్పిగా ఉందట. ఏసుదాసు అటు చూసి మళ్ళీ నా వైపు చూశాడు.

"నేను పోయి జెప్పితే నన్ను తీసేస్తరు. ఫికర్ లేదు, ఏడనన్న పని దొర్కుతది. వాన్ని గూడ తీసేస్తరు. గా చెయ్యికి ఎవడిస్తడు సార్ పని?"

"చెప్పమనడం లేదు" అన్నాను మళ్ళీ.

"ఆ మాట గూడ జెప్పకు" అన్నాడు. "నువ్వు చెప్పకు అంటే నాకు ఆసరైతది. నాకు ఆసర వద్దు."

నేను లేచి వచ్చేశాను. ఆ ఇంటికి గాని, ఆ కార్ఖానాకు గాని మళ్ళీ వెళ్ళలేదు.

తరువాతి సంవత్సరాలు

అధ్యయనం ఆపేసినందుకు పైవాళ్ళు సుభద్రగారి మీద మండిపడ్డారు. ఒక పనివాడి కోసం మొత్తం పని పాడు చేస్తారా అన్నారు. ఇంకే కార్ఖానా వాళ్ళూ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కొన్నాళ్ళకు విభాగం మూసేశారు. ఆమె కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయారు. మళ్ళీ జీవితంలో ఒక్క పనివాణ్ణి కూడా ఆమె ఏమీ అడగలేదు. విద్యార్థులు క్షేత్రానికి వెళ్తామంటే పంపేవారు. తాను మాత్రం ఏ కార్ఖానా గేటూ దాటేవారు కాదు.

నేను వేరేచోట చేరాను. బస్సు డిపోలు, ఆసుపత్రి వార్డులు, దారం మిల్లులు తిరిగాను. అవన్నీ మంచి అధ్యయనాలే. ఎనామిల్ కార్ఖానా నేర్పిన జాగ్రత్తతో చేశాను కాబట్టి ఎవరికీ హాని జరగలేదని అనుకుంటున్నాను. ఎవరి మాటనూ ఉన్నది ఉన్నట్టు పైవాళ్ళ ముందు పెట్టలేదు. ఆ మాట ఎంత గొప్పదైనా నలుగురి మాటలతో కలిపి, రంగు తీసేసి, చప్పగా చెప్పేవాణ్ణి. నా నివేదికలు చప్పగా ఉంటాయని పేరు కూడా వచ్చింది. రానివ్వండి.

నర్సింగరావు మేస్త్రి గురించి కూడా ఒక మాట చెప్పాలి. చాలా ఏళ్ళ తరువాత ఆసుపత్రిలో ఎదురుపడ్డాడు, బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. "సోమవారం సామాను తక్కువైతే సేఠ్ నన్నేమంటుండెనో మీరెన్నడన్న అడిగిన్రా?" అన్నాడు. అడగలేదు. మా ప్రశ్నలన్నీ షెడ్డులో కింద ఉన్నవాళ్ళకే. మధ్యలో నలిగేవాణ్ణి రాక్షసుడని రాసుకోవడం సులువు. మీరు ఆ సులువుకు పోకండి.

సుభద్రగారిని నేను ఏడాదికి రెండు మూడుసార్లు చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. అవీ ఇవీ మాట్లాడుకున్నాక, నేను చెప్పులు తొడుక్కునేటప్పుడు అడిగేవారు.

"యాదగిరిగారు ఎక్కడైనా కనిపించారా?"

"లేదండీ."

"తన పని తనకు తిరిగి ఇచ్చారో లేదో."

కనుక్కుంటాననేవాణ్ణి. కనుక్కోలేదు. ఏం వినాల్సి వస్తుందోనని భయం. కొన్నాళ్ళకు స్టీలు సామాను వచ్చి ఎనామిల్ గిన్నెలు కొనేవాళ్ళు లేకుండా పోయారు. కార్ఖానా మూతపడిందని విన్నప్పుడు, ఇక ఎక్కడ వెతుకుతాం అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను.

జల్‌పల్లిలో

ఎనభైల నడుమ మరో పని మీద జల్‌పల్లి వెళ్ళాను. కొత్తగా పడుతున్న కాలనీల నుంచి రోజూ బస్సుల్లో వేలాడుతూ నగరానికి వచ్చి పని చేసేవాళ్ళ అలసట గురించి అధ్యయనం. బస్సు ఆగే చోట రేకుల కింద ఒక టిఫిన్ బండి. మిర్చీలు వేస్తున్నాయన నన్ను రెండుసార్లు చూశాడు.

"డాక్టరమ్మ తోని వస్తుండె గదా నువ్వు?"

జుట్టు నెరిసింది. మనిషి కొంచెం లావయ్యాడు. గొంతు మాత్రం అదే. స్టూలు జరిపి కూర్చోబెట్టి, ప్లేటులో నాలుగు మిర్చీలు వేశాడు.

ఎక్కువ సేపు దాటవేయలేకపోయాను. "యాదగిరీ, ఆనాడు మేం నీ తరఫున ఆ ఒక్క మాట చెప్పలేదు" అన్నాను.

"అరె, గది ఇంక పట్టుకునే తిరుగుతున్నవా?" అని నవ్వాడు. తరువాత గరిటె పక్కన పెట్టి, మెల్లగా చెప్పుకొచ్చాడు.

నేను ఏసుదాసు ఇంటి నుంచి వచ్చేసిన ఆ సాయంత్రమే ఏసుదాసు యాదగిరి ఇంటికి నడిచి వెళ్ళాడు. ఆ మాట అన్నది తానేనని, మర్నాడు సేఠ్‌కు చెబుతానని అన్నాడు.

"మస్తు కోపమొచ్చింది సార్. గల్ల పట్టుకున్న. గాయన ఏమనలే, నిలవడ్డడు. నేనే ఇడ్సిపెట్టిన. ప్రభుదాసు చెయ్యి యాదికొచ్చింది. నాకేమైంది? కాళ్లు చేతులు మంచిగున్నయ్. నువ్వు జెప్పకు అన్న. తెల్లారి షెడ్డుల అందరు ఇనంగ, నేనే అన్న, అయితే ఏంది అన్న మేస్త్రి తోని."

"నువ్వే అన్నానని చెప్పావా?"

"మరి ఎన్నొద్దులు అనలేదు అనలేదు అనుకుంట ఏడుస్త? అన్న అంటే జర ఇజ్జత్ తోని రేకులు ఏరుకుంటి." మళ్ళీ నవ్వాడు, కాని ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ముంచే పని మాత్రం మళ్ల ఇయ్యలే. గది బాధనే. గిప్పటికి చేతులు తిరుగుతయి సార్ నిద్రల. మా ఇంటిది జెప్తది."

ఏడాది గడిచాక కార్ఖానా మానేశాడట. గోదాముల్లో మూటలు మోశాడు, తరువాత ఈ బండి. ఏసుదాసు అన్నదమ్ములు ఇప్పుడు జహీరాబాద్ వైపు ఉన్నారు. ఏటా క్రిస్మస్‌కు ఇద్దరూ కేకు తెచ్చి ఇచ్చి, భోజనం చేసి వెళ్తారు.

"ఇదంతా అప్పుడే మాకొచ్చి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "మీకెట్ల జెప్తం సార్? జెప్తే రాసుకుంటుంటిరి."

ఇందులో వెటకారం లేదు. ఉన్న సంగతి చెప్పాడు. మాకు తెలియకుండానే ఇద్దరు మనుషులు తమలో తాము తేల్చుకున్నారు. మనుషులు పని చేసే చోట ఎలా బతుకుతారో, ఒకరినొకరు ఎలా కాచుకుంటారో తెలుసుకోవడానికే కదా మేం వెళ్ళింది. అసలు సంగతి జరిగినప్పుడు మేం లేం. ఉన్నా మాకు చెప్పేవారు కాదు.

అప్పుడు అతను అడిగాడు. "అమ్మ మంచిగున్నదా?"

సుభద్రగారు అంతకు ముందు సంవత్సరం చలికాలంలో పోయారు. ఆ మాట చెప్పాను. ఆఖరి సారి చూసినప్పుడు కూడా అతని గురించి అడిగారని చెప్పాను. తను చేసింది సరైన పనేనని ఆమెకు తెలుసు. కాని ఆ సరైన పనికి మూల్యం వేరే మనిషి కట్టాడని, ఆ మనిషి తనను తిట్టుకుంటూనే ఉంటాడని అనుకుంటూ పోయారు. నేను ఒక్కసారి వెతికి ఉంటే, అలా పోయి ఉండేవారు కాదు.

యాదగిరి స్టవ్వు తగ్గించాడు. ఒకాయన వచ్చి మిర్చీ అడిగితే, లేదన్నట్టు చెయ్యి ఊపాడు. పళ్ళెంలో ఎదురుగా మిర్చీలు ఉన్నాయి.

"మస్తు తిట్టుకున్న సార్ అమ్మను. ఏడాది తిట్టుకున్న. మళ్ల ఎప్పుడో మర్సిపోయిన." భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. "మర్సిపోయిన అని ఒక్కపారి పోయి జెప్పొస్తే అయిపోతుండె. నయాపూల్ ఏమన్న దూరమా?"

ఆ తరువాత అతను స్టవ్వు ఆర్పేశాడు. బండి మీద గోనె కప్పి, రాళ్ళు పెట్టాడు. ఇంకా సాయంత్రం కూడా కాలేదు. బస్సుల వేళ, బేరం బాగా సాగే వేళ. నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. మేమిద్దరం ఆ రేకుల కింద కూర్చునే ఉన్నాం.